“ఐ గోయెత్” అనకండి: పాతకాలపు ఇంగ్లీషు క్రియలను సరిగ్గా వాడడం ఎలా

మొన్న మా మేనల్లుడు కాలేజీ యాన్యువల్ డే స్కిట్‌కి రాసుకున్న డైలాగులు వాట్సాప్‌లో పంపాడు. రాజుగారు కత్తి దూసి “ఐ గోయెత్ టు వార్!” అంటాడు. సైనికులంతా “వీ ఫాలోయెత్ దీ!” అని అరుస్తారు. “ఎలా ఉంది మావయ్యా, షేక్‌స్పియర్ లెవెల్లో ఉందా?” అని అడిగాడు. నేను వాటిని ఉన్నదున్నట్టు తెలుగులో పెట్టి తిరిగి పంపాను. “నేను యుద్ధానికి వెళ్తాడు!” “మేము నిన్ను అనుసరిస్తాడు!”

నవ్వుల ఎమోజీలు వరసగా వచ్చాయి. ఆ తర్వాత “మరి ఎలా రాయాలి?” అని మెసేజ్. వాడికి ఆ రాత్రి ఫోన్లో చెప్పిందే కాస్త సర్ది ఇక్కడ రాస్తున్నాను. స్కిట్లు రాసేవాళ్లకీ, ఎం.ఏ. ఇంగ్లీషులో షేక్‌స్పియర్ పాఠం చూసి టెన్షన్ పడేవాళ్లకీ, ఇంట్లో పాత ఇంగ్లీషు బైబిల్ ఉన్నవాళ్లకీ పనికొస్తుంది.

ఒక్క మాట ముందే చెప్పాలి. ఈ “-ఎత్” అనేది కరివేపాకులా ప్రతి క్రియ మీదా చల్లేది కాదు. దానికి ఒక చోటుంది. ఆ చోటు ఏదో తెలుసుకోవడం నేటి ఇంగ్లీషు వాళ్లకంటే మనకే తేలిక, ఎందుకంటే కర్తను బట్టి క్రియ చివర మార్చడం మనం మాటలు నేర్చిన రోజు నుంచీ చేస్తున్న పని.

మొదటి పని: కర్తను పట్టుకోండి

తెలుగులో నేను వస్తాను, నువ్వు వస్తావు, అతను వస్తాడు, వాళ్లు వస్తారు. ఎవరు వస్తున్నారో చెప్పకపోయినా క్రియే చెప్పేస్తుంది. నేటి ఇంగ్లీషులో ఈ తేడా దాదాపు చచ్చిపోయింది. “హీ కమ్స్” అన్నప్పుడు వచ్చే ఆ ఒక్క “స్” తప్ప ఇంకేమీ మిగల్లేదు.

నాలుగు వందల ఏళ్ల కిందట ఇంకొకటి ఉండేది. అదే “నువ్వు”కి వచ్చే ముక్క. “నువ్వు”ని అప్పట్లో “దౌ” అనేవారు. ఆ వరస ఇలా ఉంటుంది: ఐ కమ్, దౌ కమెస్ట్, హీ కమెత్, వీ కమ్, యీ కమ్, దే కమ్.

ఆరింట్లో నాలుగింటికి ఏ తోకా లేదు, గమనించండి. “దౌ” వస్తే “-ఎస్ట్”, “హీ, షీ, ఇట్” వస్తే “-ఎత్”, అంతే. మన భాషలో చెప్పాలంటే “-ఎస్ట్” అనేది “వస్తావు”లో ఉన్న “వు”, “-ఎత్” అనేది “వస్తాడు”, “వస్తుంది”లో ఉన్న చివరి ముక్క. మా వాడి రాజుగారు చేసిన తప్పు ఇక్కడే. “ఐ” పక్కన తోక పెట్టాడు.

కాబట్టి వాక్యం రాసేముందు తెలుగులో అనుకోండి. క్రియ “-వు”తో ముగిస్తే “-ఎస్ట్” పెట్టండి. “-డు”తోగానీ, ఒక మనిషి గురించో ఒక వస్తువు గురించో చెప్పే “-ది”తోగానీ ముగిస్తే “-ఎత్” పెట్టండి. “-ను, -ము, -రు” అయితే క్రియ జోలికి వెళ్లకండి. ఒక్క చిక్కుంది. గౌరవంగా “గురువుగారు వస్తారు” అన్నప్పుడు మన క్రియ బహువచనంలోకి వెళ్తుంది. ఇంగ్లీషులో గురువుగారైనా “హీ”యే, ఆయనకీ “కమెత్” తప్పదు.

రెండో పని: మొండి క్రియలను బట్టీ పట్టండి

వీటికి దారి లేదు, కంఠస్థం చేయాల్సిందే. అదృష్టం కొద్దీ అట్టే లేవు. “నువ్వు ఉన్నావు” అంటే “దౌ ఆర్ట్”. కళకీ దీనికీ సంబంధం లేదు, “ఆర్”కి చివర ఒక “ట్” తగిలిందంతే. అతను మాత్రం అప్పుడూ ఇప్పుడూ “హీ ఈజ్”. “హ్యావ్” దగ్గరికొస్తే దౌ హ్యాస్ట్, హీ హ్యాత్. “డూ” దగ్గరికొస్తే దౌ డస్ట్, హీ డత్. ఈ చివరి రెండింటి స్పెల్లింగ్ చూసి చాలామంది “డోస్ట్, డోత్” అని చదువుతారు. నేనూ డిగ్రీ రెండేళ్లూ అలాగే చదివాను, ఎవరూ దిద్దలేదు. దుమ్ముని ఇంగ్లీషులో ఏమంటామో ఆ “డస్ట్” లాగే పలకాలి. “సే”కి వచ్చే “సెత్” కూడా అంతే. స్పెల్లింగ్ చూస్తే “సెయిత్” అనిపిస్తుంది, పలికేది పొట్టిగా.

షల్, విల్, క్యాన్ లాంటి వాటికి “దౌ” పక్కన షాల్ట్, విల్ట్, క్యాన్స్ట్ అని వస్తాయి. “మస్ట్” మారదు. అప్పటికే దాని చివర “స్ట్” ఉంది కదా, ఇంకేం పెడతాం!

మూడో పని: తోక పెట్టకూడని చోట్లు

తప్పులన్నీ ఇక్కడే జరుగుతాయి కాబట్టి కాస్త నెమ్మదిగా వెళ్దాం.

షల్, విల్, క్యాన్, మే లాంటి వాటికి “హీ” పక్కన తోక ఉండదు. “హీ క్యానెత్” అని ఎవరూ ఎప్పుడూ అనలేదు. నేడు “హీ క్యాన్స్” అంటామా? అనం. ఎక్కడ నేటి “స్” రాదో అక్కడ “-ఎత్” కూడా రాదు. ఈ ఒక్క సూత్రం గుర్తున్నా సగం తప్పులు పోతాయి.

అలాగే జంటగా వచ్చే క్రియల్లో ఒకదానికే తోక. “డత్” వచ్చిందంటే తోక దానికే ఉంది, అసలు క్రియ బోసిగా ఉండాలి. “హీ డత్ లవ్” సరైనది, “హీ డత్ లవెత్” తప్పు. “అతను ప్రేమిస్తాడు ఉన్నాడు” అన్నట్టుంటుంది.

భూతకాలంలో “-ఎత్” అసలు లేదు. హీ కేమ్, హీ లవ్డ్, అంతే. సినిమా సబ్‌టైటిళ్ల వెక్కిరింపుల్లో “హీ కేమెత్” లాంటివి కనిపిస్తే నవ్వుకోవడమే. “దౌ”కి మాత్రం భూతకాలంలోనూ తోక ఉంటుంది. దౌ కేమెస్ట్, దౌ హ్యాడ్స్ట్, దౌ డిడ్స్ట్, దౌ వాస్ట్.

ఆజ్ఞలకూ తోక లేదు. “రా” అంటే కమ్. “రా నువ్వు” అని గట్టిగా చెప్పాలంటే “కమ్ దౌ”. ఇక్కడ దౌ ఉంది కదా అని “కమెస్ట్ దౌ” అంటే అది ఆజ్ఞ కాదు, “వస్తావా?” అని అడగడం.

ఇక నాకు బాగా ఇష్టమైన చోటు. క్రైస్తవుల ప్రభువు ప్రార్థన ఇంగ్లీషులో “దై కింగ్‌డమ్ కమ్, దై విల్ బి డన్” అని ఉంటుంది. రాజ్యం అంటే “ఇట్” కదా, మరి “కమెత్” ఎందుకు లేదు? చాలామందికి వచ్చే సందేహమే. జవాబు తెలుగు బైబిల్లో అక్కడికక్కడే ఉంది: “నీ రాజ్యము వచ్చుగాక”. ఆ “గాక” చూడండి. అది జరుగుతున్న సంగతి చెప్పడం లేదు, జరగాలని కోరుకుంటోంది. కోరిక చెప్పే వాక్యంలో ఇంగ్లీషు క్రియ తోక తీసేసి నిలబడుతుంది. “కమెత్” అని ఉంటే “నీ రాజ్యము వచ్చుచున్నది” అని వార్త చెప్పినట్టు అయ్యేది. నేటికీ బ్రిటన్‌లో “గాడ్ సేవ్ ద కింగ్” అంటారు, “సేవ్స్” అనరు. “దేవుడు రాజును కాపాడుగాక” అన్నమాట. దీవెనో శాపమో రాస్తున్నారా? తెలుగులో “గాక” పెట్టి చూడండి. పొసిగితే తోక వద్దు.

నాలుగో పని: కాదనడం, అడగడం

ఇది త్వరగా అయిపోతుంది. “నాకు తెలియదు” అనడానికి “ఐ డోంట్ నో” అక్కర్లేదు, “ఐ నో నాట్” చాలు. అతనికి తెలియకపోతే “హీ నోయెత్ నాట్”. మన “తెలియదు”లో కాదనే ముక్క క్రియ వెనకే ఉన్నట్టు, ఇక్కడ “నాట్” క్రియ వెనకే నిలబడుతుంది. ప్రశ్న అయితే క్రియను ముందుకు తెండి: “నోయెస్ట్ దౌ?” “డస్ట్ దౌ నో?” అన్నా తప్పు కాదు, రెండూ ఆ కాలంలో పక్కపక్కనే నడిచాయి.

ఐదో పని: నువ్వా, మీరా తేల్చుకోండి

“-ఎస్ట్” వాడాలంటే ముందు “దౌ” వాడాలి. ఎవరిని దౌ అనవచ్చు? నేటి ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్లు కూడా చాలామంది ఇక్కడ బోల్తా పడతారు. చర్చిలో, ప్రార్థనల్లో మాత్రమే వింటారు కాబట్టి “దౌ” అంటే మహా గౌరవంగా ఏదో అంటున్నారని వాళ్ల ఊహ. నిజం దానికి పూర్తిగా తలకిందులు. దౌ అంటే నువ్వు, యూ అంటే మీరు. స్నేహితుల్ని, పిల్లల్ని, పనివాళ్లని దౌ అనేవారు. పెద్దవాళ్లని, అధికారుల్ని యూ అనేవారు. దేవుణ్ని మాత్రం దౌ అన్నారు. మనకు ఇందులో వింతేముంది? కలెక్టరుగారిని “మీరు” అంటాం, వెంకన్నను “స్వామీ, నువ్వే దిక్కు” అంటాం.

కోపం వస్తే దౌ తిట్టు కూడా అయ్యేది. 1603లో ఇంగ్లాండులోని వించెస్టర్‌లో, ఎలిజబెత్ రాణి కొలువులో పేరుపొందిన సర్ వాల్టర్ రాలీ మీద రాజద్రోహం విచారణ జరిగింది. ప్రభుత్వం తరఫున వాదించిన ఎడ్వర్డ్ కోక్ ఆవేశంలో “ఐ దౌ దీ, దౌ ట్రెయిటర్!” అన్నాడు. “నిన్ను నువ్వు అనే అంటానురా ద్రోహీ!” అని. దౌ అనే మాటనే క్రియగా చేసి కొట్టాడు. మన పేపర్లలో “ఏకవచనంతో సంబోధించారు” అని వార్త వస్తుందే, సరిగ్గా అదే గొడవ. మరి కొన్ని దశాబ్దాలకు జార్జ్ ఫాక్స్ అనుచరులైన క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవాళ్లు మనుషులంతా సమానమేనంటూ జడ్జిగారితో సహా అందరినీ దౌ అని పిలిచి చీవాట్లూ దెబ్బలూ తిన్నారు.

దౌ కర్త. కర్మ అయితే “దీ”, అంటే నిన్ను, నీకు. నీ అనడానికి “దై”. అచ్చుతో మొదలయ్యే మాట ముందు అది “దైన్” అవుతుంది: దై హ్యాండ్, కానీ దైన్ ఐస్. “మీరు” బహువచనంలో కర్త అయితే “యీ”, కర్మ అయితే “యూ”. ఈ తేడా 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లో చాలా శుభ్రంగా కనిపిస్తుంది. “యీ షల్ నో ద ట్రూత్, అండ్ ద ట్రూత్ షల్ మేక్ యూ ఫ్రీ.” మొదటిది మీరు, రెండోది మిమ్మల్ని. అదే బైబిల్లో లూకా సువార్తలో యేసు తన శిష్యుడు సీమోనుతో మాట్లాడుతూ సైతాను “యూ”ని కోరుకున్నాడు, నేను “దీ” కోసం ప్రార్థించాను అంటాడు. నేటి ఇంగ్లీషు అనువాదంలో రెండూ “యూ”గా మారితే, ముందుది శిష్యులందరి గురించి, తర్వాతిది సీమోను ఒక్కడి గురించి అన్న సంగతి కనపడకుండా పోతుంది. తెలుగు బైబిల్లో “మిమ్మును”, “నీ కొరకు” అని తేడా చెక్కుచెదరకుండా ఉంది.

(లండన్ వెళ్లినవాళ్లు పాత దుకాణాల బోర్డుల మీద “యీ ఓల్డ్” అని చదివి ఫొటోలు పెడుతుంటారు. అది ఈ “యీ” కాదు, మామూలు “ద”. “థార్న్” అనే పాత అక్షరం ప్రెస్సుల దగ్గర లేక దాని బదులు “వై” వాడారు. ఆ పాపం ఇంకా బోర్డుల మీద ఉంది.)

ఆరో పని: “మెథింక్స్”ని “ఐ థింక్” అనుకోకండి

సోషల్ మీడియాలో ఎక్కువగా వాడేది, ఎక్కువగా తప్పు వాడేది ఇదే. “మెథింక్స్” అంటే “నేను అనుకుంటున్నాను” కాదు, “నాకు అనిపిస్తోంది”. రెంటికీ తేడా ఏమిటో ఇంగ్లీషు వాళ్లకు ఒక పేజీ వివరించాలి, మనకు అక్కర్లేదు. ఇందులోని “థింక్” ఆలోచించడం అనే క్రియ కాదు. పాతకాలంలో “తోచు, అనిపించు” అనే అర్థంతో దాదాపు అదే రూపంలో వేరే క్రియ ఒకటి ఉండేది. “మీ” అంటే “నాకు”. “నాకు తోస్తోంది” అన్నమాట. అందుకే చివర “స్” ఉంది. తోచేది “అది” కదా, నేను కాదు.

నాకు ఆకలేస్తోంది, నాకు నచ్చింది, నాకు తెలుసు అని మనం రోజూ “నాకు”తో మొదలుపెట్టే వాక్యాల్లాంటివి ఒకప్పుడు ఇంగ్లీషులోనూ ఉండేవి. “మీ లైకెత్” అంటే నాకు నచ్చుతుంది. అవన్నీ పోయి, “మెథింక్స్” ఒక్కటి జోకుల్లో బతికి ఉంది.

వాడకం: వాక్యం ముందో చివరో పెట్టండి. “ఇట్ విల్ రెయిన్, మెథింక్స్.” భూతకాలం “మెథాట్”. “ఐ మెథింక్స్” అనకండి, అది “నేను నాకు అనిపిస్తోంది” అవుతుంది. అందరికీ తెలిసిన ఉదాహరణ హామ్లెట్ నాటకంలో రాణి అనే మాట: “ద లేడీ డత్ ప్రొటెస్ట్ టూ మచ్, మెథింక్స్.” మెథింక్స్‌ని ముందుకు లాగి దీన్ని తప్పుగా చెప్పేవాళ్లే ఎక్కువ. అర్థం కూడా తప్పుతుంది. అక్కడ “ప్రొటెస్ట్” అంటే నిరసన తెలపడమో కాదనడమో కాదు, ఒట్లు పెట్టడం. నాటకంలో నాటకం చూస్తున్న రాణి, అందులోని రాణి పాత్ర మళ్లీ పెళ్లి చేసుకోనని అతిగా ఒట్లు పెట్టుకుంటుంటే అన్న మాట అది. “డత్ ప్రొటెస్ట్”లో ఒకే తోక ఉండడం కూడా చూడండి.

ఏడో పని: “-ఎత్”కీ “-స్”కీ మధ్య ఎంచుకోండి

షేక్‌స్పియర్ (1564–1616) నాటికే “-స్” జోరుగా వచ్చేసింది. ఉత్తర ఇంగ్లాండు మాండలికం నుంచి మెల్లగా దక్షిణానికి దిగిన తోక అది. ఆయన రెంటినీ కలిపే వాడాడు. దయ గురించి ప్రసిద్ధమైన ఒక డైలాగులో “ఇట్ బ్లెసెత్ హిమ్ దట్ గివ్స్ అండ్ హిమ్ దట్ టేక్స్” అంటాడు. ఒకే పాదంలో ఒక “-ఎత్”, రెండు “-స్”లు. ఛందస్సులో ఒక అక్షరం కావలసి వస్తే “-ఎత్”, వద్దంటే “-స్”. మన పద్యకవులు “వచ్చెను”, “వచ్చె” రెండూ చేతిలో ఉంచుకున్నట్టే. కాబట్టి పద్యంలాంటిది రాస్తుంటే మీకూ ఆ వెసులుబాటు ఉంది. “హ్యాత్, డత్” మాత్రం మిగతావాటికంటే ఎక్కువ కాలం నిలిచాయి, వాటిని వదలకండి.

బైబిల్ అనువాదకులు మాత్రం గంభీరంగా ఉండాలని అంతటా “-ఎత్” పెట్టారు. జనం అప్పటికే అలా మాట్లాడడం మానేస్తున్నారు. 1643లో రిచర్డ్ హాడ్జెస్ అనే స్కూలు మాస్టారు మనం “లీడెత్” అని రాసినా “లీడ్స్” అనే పలుకుతాం అని రాశాడు. “వ్రాయుచున్నాడు” అని అచ్చువేసి “రాస్తున్నాడు” అని మాట్లాడిన మన గ్రాంథికం రోజుల లాంటివే అవి. అక్కడ గిడుగు రామమూర్తి పంతులుగారి అవసరం రాలేదు, రాత తనంతట తానే మాట వెనక వచ్చేసింది.

ఎనిమిదో పని: ఇరవై మూడో కీర్తన మీద సాధన

కాగితం తీసుకుని కింగ్ జేమ్స్ బైబిల్లో 23వ కీర్తన ముందు పెట్టుకోండి. ఆరు వచనాలే. పక్కనే తెలుగు బైబిల్ పెట్టుకోండి. మీరు ఏ మతం వాళ్లయినా సరే, వ్యాకరణానికి ఇంతకంటే మంచి పాఠం నాకు తెలియదు.

రెండో వచనంలో “హీ మేకెత్”, “హీ లీడెత్”, మూడో వచనంలో “హీ రిస్టోరెత్”. తెలుగులో “పరుండజేయుచున్నాడు, నడిపించుచున్నాడు”. అన్నీ “-డు”లే. నాలుగో వచనంలో చావునీడ ఉన్న లోయ వస్తుంది. అక్కడ కీర్తన పాడేవాడు ఉన్నట్టుండి “దౌ ఆర్ట్ విత్ మీ” అంటాడు. అంతవరకూ దేవుడి గురించి మనతో చెబుతున్నవాడు, భయం వేసేచోట మనల్ని వదిలి నేరుగా దేవుడితో మాట్లాడడం మొదలుపెట్టాడు. అక్కణ్నుంచి “ప్రిపేరెస్ట్, అనాయింటెస్ట్”. తెలుగులోనూ క్రియలు “-వు”లోకి మారిపోతాయి. ఆ తర్వాత “మై కప్ రన్నెత్ ఓవర్”, “నా గిన్నె నిండి పొర్లుచున్నది”. గిన్నె “ఇట్” కాబట్టి మళ్లీ “-ఎత్”. ఒక్కో క్రియ కింద గీత గీసి, దాని కర్త ఎవరో పక్కన రాయండి. అరగంటలో పని అయిపోతుంది.

తర్వాత సొంతంగా రాయండి. “నువ్వు టీ తాగుతావా?” “డ్రింకెస్ట్ దౌ టీ?” “మా అమ్మ నిద్రపోతోంది.” “మై మదర్ స్లీపెత్.” “వాళ్లు రారు.” “దే కమ్ నాట్.” మూడోదానికి తోక లేదు, ఎందుకో ఇప్పుడు మీకే తెలుసు. స్నేహితుల గ్రూపులో, స్కిట్లో, రాజుల కథలో ఇవి వాడుకోండి. ఆఫీసు మెయిల్లో వద్దు. ఐఈఎల్‌టీఎస్ వ్యాసంలో అయితే అసలే వద్దు.

మా మేనల్లుడి స్కిట్ ఏమైందంటారా? డైలాగులు దిద్దాం. రాజు “ఐ గో టు వార్!” అంటాడు. సైనికులు రాజును నువ్వు అనకూడదు కాబట్టి “వీ ఫాలో యూ!” అంటారు. వాడి మొహం వాడిపోయిందని ఫోన్లోనే తెలిసిపోయింది. “ఇందులో పాతది ఏముంది మావయ్యా? మా ఇంగ్లీష్ మీడియం తమ్ముడు కూడా ఇంతే అంటాడు.” సరే, రాజు పక్కన ఒక కాపలావాణ్ని నిలబెట్టమన్నాను. దూరంగా గుర్రం శబ్దం. రాజు వాడివైపు తిరిగి అడుగుతాడు:

“నోయెస్ట్ దౌ నాట్ హూ కమెత్ యాండర్?”

“ఐ నో నాట్, మై లార్డ్. బట్ హీ హ్యాత్ ఎ స్వోర్డ్, మెథింక్స్.”